పాచికల ఆటకి బీజీఎం: ముందు మాట వినపడాలి

(రోల్‌ప్లేయింగ్ ఆటలంటే ఒకరు కథ చెప్తుంటే మిగతావాళ్లు అందులో పాత్రలై పాచికలు వేస్తూ ఆడేవి. బరంపురంలో అవి నడిపేవాళ్ల కోసం, ఆట వెనక మోగించే సంగీతం, అంటే బీజీఎం, గురించి తెలుగులో చేసిన ప్రసంగం ఇది. రాతలోకి తెచ్చేటప్పుడు ఒకటి రెండు చోట్ల మాత్రం సర్దాం.)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, రాయగడ నుంచి తెల్లారకుండానే బయల్దేరి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఉపోద్ఘాతం పెట్టుకోను. గేమ్ మాస్టర్ అంటే కథ నడిపేవాడనీ, చేసిన పని ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుందనీ ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. నేరుగా విషయంలోకి వెళ్దాం.

మన ఆట నడిచేదంతా నోటిమాట మీద. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వచ్చిన దగ్గర్నుంచి రూల్ పుస్తకాలు ఎన్ని మారినా బల్ల దగ్గర జరిగేది ఒకటే: ఒకరు చెప్తారు, మిగతావాళ్లు విని ‘నేనిలా చేస్తాను’ అంటారు. సినిమాకి ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, చేసేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. డైలాగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వాళ్లకి ముందే తెలుసు, అక్కడ సంగీతాన్ని తగ్గించేస్తారు. మన బల్ల దగ్గర ఎవరు ఎప్పుడు నోరు తెరుస్తారో దేవుడికే తెలియాలి. అందుకని సినిమాలో అద్భుతంగా ఉన్న బిట్ ఇక్కడ అడ్డొస్తుంది, విడిగా వింటే ఏమీ లేదనిపించే ట్రాక్ ఇక్కడ పనికొస్తుంది.

ఏ ట్రాక్‌నైనా ప్లేలిస్ట్‌లో వేసే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఆటలో ఎంత వాల్యూమ్ పెడతారో అంతే పెట్టి, కథలోంచి ఒక పేజీ మామూలు గొంతుతో చదవండి. గదిలో ఆ చివర ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఆ మనిషి ఒక్కసారి ‘ఏంటీ?’ అన్నా ఆ ట్రాక్ తీసేయండి. ఎంత ఇష్టమైనదైనా సరే.

మొట్టమొదట పోవాల్సింది మాటలున్న పాటలు. అర్థం కాని భాషలో మాట వినపడ్డా, మనసులో పట్టుకున్న అంకెలూ పేర్లూ చెదిరిపోతాయని మనస్తత్వ శాస్త్రంలో 1970ల నుంచీ ప్రయోగాలున్నాయి. ఇక మన సంగతి చూడండి. ఈ ఊళ్లో ఒక బల్ల చుట్టూ అయిదుగురు కూర్చుంటే తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు నాలుగూ వచ్చినవాళ్లే ముగ్గురుంటారు. ఇంకెక్కడో హిందీ పాట పెట్టి తప్పించుకోవచ్చేమో, ఇక్కడ కుదరదు. ‘వాడి ఆర్మర్ పదహారు, నాకు ప్లస్ అయిదు’ అని లెక్క కడుతున్న పిల్లాడి చెవిలో చరణం పడితే ఆ లెక్క గాలికి పోయినట్టే. లాటిన్ కోరస్ అయితే ఫర్వాలేదా అని అడుగుతుంటారు. కోరస్ ‘ఆ... ఓ...’ అని అచ్చులు సాగదీసినంతసేపూ ఫర్వాలేదు, అక్షరాలు విడివిడిగా పలకడం మొదలెట్టిందంటే వద్దు.

రెండోది, తెలిసిన బీజీఎం. పేరున్న సినిమా హీరో ఎంట్రీ సంగీతం మీ దొంగల నాయకుడికి పెట్టారనుకోండి, రెండు సెకన్లలో ఎవరో ఒకరు విజిల్ వేస్తారు. (నవ్వులు) అయిదు నిమిషాలు ఆ సినిమా ముచ్చట్లు, మీ నాయకుడు గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. వీడియో గేముల సంగీతానికి ఈ బెడద కొంత తక్కువ. పైగా అది గంటల తరబడి వెనక మోగడానికే కట్టినది కాబట్టి లూప్‌లో, అంటే అయిపోగానే మళ్లీ మొదలయ్యేలా పెడితే, బాగా కూర్చుంటుంది. మీ బల్ల దగ్గర ఎవరూ ఆడని గేమ్ అయితే మరీ మంచిది.

ఇప్పుడు వాల్యూమ్. అసలు గొడవంతా ఇక్కడే. మామూలుగా మాట్లాడుకునే మాట ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. సంగీతం దానికి 15 తక్కువగా, అంటే 45 దగ్గర ఉంటే మాట హాయిగా పైన తేలుతుంది. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ వేసుకోండి. అది చూపించే అంకె కచ్చితం కాకపోవచ్చు గానీ, మాటకీ సంగీతానికీ మధ్య తేడా చూసుకోవడానికి చాలు.

కానీ మన ఇళ్లల్లో సీలింగ్ ఫ్యాన్ ఉంది కదా. అయిదో నంబర్ మీద పాత ఫ్యాన్ తిరుగుతుంటే అదే 50 దాటొచ్చు. సంగీతం వినపడట్లేదని మీరు వాల్యూమ్ పెంచుతారు. చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని 1911లోనే లొంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టరు ప్రకటించాడు, ఆయన పేరే పెట్టారు. గొంతులు పెరిగాయి కాబట్టి సంగీతం మళ్లీ వినపడదు, మీరు ఇంకో గీత పెంచుతారు. మూడో గంటకి అందరి గొంతులూ బొంగురుపోతాయి, ఎందుకో ఎవరికీ తెలీదు. విరుగుడు స్పీకర్‌లో లేదు, రెగ్యులేటర్‌లో ఉంది. ఫ్యాన్ మూడు మీదకి తెండి. తేలేని ఎండాకాలమైతే సంగీతం మానేసి, పోరాటానికి ముందొకటి, తర్వాతొకటి పెట్టుకోండి, చాలు. రేకుల కప్పు మీద నిజం వాన పడుతున్నప్పుడు కూడా అంతే. వాన ఎలాగూ బీజీఎం ఇస్తోంది, దాని మీద మళ్లీ వాన ట్రాక్ ఎందుకు?

స్పీకర్ ఎక్కడ పెట్టాలి? చాలామంది గేమ్ మాస్టర్ వెనక పెడతారు, వైరు అందుతుందని. అదే తప్పు. రెండు శబ్దాలు రెండు దిక్కుల నుంచి వస్తే చెవి వాటిని తేలిగ్గా విడదీస్తుంది. ఒకే దిక్కు నుంచి వస్తే కలగాపులగం. గోలలో ఒక్క గొంతుని ఎలా పట్టుకుంటామన్న దాని మీద 1953లో కోలిన్ చెర్రీ చేసిన ప్రయోగాల నుంచీ ఇది తెలిసిందే. కాబట్టి స్పీకర్ మీకు పక్కగా, ఆటగాళ్ల వెనక, గోడ వైపు తిప్పి పెట్టండి. గోడకి తగిలి వచ్చేసరికి గీరుకునే పై శబ్దాలు కొంత మెత్తబడతాయి. బల్ల మధ్యలో అసలు పెట్టొద్దు. పాచికలు తగులుతాయి, పైగా దగ్గరున్నవాళ్లకి ఎక్కువ, దూరమున్నవాళ్లకి తక్కువ. ఒక పెద్ద స్పీకర్ కంటే రెండు చిన్నవి, తక్కువ వాల్యూమ్‌లో, రెండు మూలల్లో పెడితే నయం.

ఇక పోరాటం. ఇక్కడ అందరూ చేసే పని, దొరికినవాటిలో అతి భీకరమైన డ్రమ్స్ ట్రాక్ పెట్టి లూప్‌లో వదిలేయడం. లెక్క చూడండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో ఒక రౌండ్ అంటే కథలో 6 సెకన్లు. బల్ల దగ్గర? అయిదుగురు ఆటగాళ్లు, తలా నిమిషంన్నర, మీ రాక్షసులకి రెండు మూడు నిమిషాలు, అంటే రౌండుకి సుమారు 10 నిమిషాలు. నాలుగు రౌండ్లకి 40 నిమిషాలు. 3 నిమిషాల ట్రాక్ అంటే అదే డప్పు 13 సార్లు. నాలుగోసారికే ఎవరికీ రక్తం ఉడకదు, తలనొప్పి మాత్రం వస్తుంది.

పోరాటాన్ని మూడు ముక్కలు చేయండి. ఇనిషియేటివ్, అంటే ఎవరి వంతు ముందో తేల్చే పాచిక, వేసేటప్పుడు ఆ భీకరమైనది 2, 3 నిమిషాలు మోగనివ్వండి. అప్పుడు ఎలాగూ అందరూ అంకెలు అరుస్తుంటారు, కథ చెప్పే పని తక్కువ. మొదటి ఆటగాడి వంతు రాగానే దాన్ని తగ్గించి, రాగం లేకుండా కింద గుండె కొట్టుకున్నట్టు తాళం మాత్రమే ఉన్న ట్రాక్‌లోకి దిగండి. ఆ మధ్య భాగం 30 నిమిషాలు సాగినా ఎవరికీ విసుగు రాకూడదు. ట్రాక్ ఎంచుకునేటప్పుడు ఎక్కువ వెతకాల్సింది ఈ మధ్య ముక్క కోసమే. అది దొరకడం కష్టం, ఎందుకంటే విడిగా వింటే అందులో ఏమీ ఉండదు, అలాంటివాటిని ఎవరూ మెచ్చుకుని ఇంకొకరికి పంపరు. చివరగా పెద్ద శత్రువు సగం చచ్చినప్పుడో, మీ వాళ్లలో ఒకడు నేల మీద పడ్డప్పుడో మళ్లీ మొదటి ట్రాక్. అది రాగానే అందరూ నిటారుగా కూర్చుంటారు.

ఒక సీను తీసుకుని దగ్గరగా చూద్దాం. గుణుపురం అవతల వంశధార, శ్రావణమాసం రాత్రి, ఒక నాటుపడవ. అవతలి గట్టు మీద దొంగలు మాటు వేసి ఉన్నారని మీకు తెలుసు, ఆటగాళ్లకి తెలీదు. పడవ ఎక్కాలా, తెల్లారేదాకా ఆగాలా అని వాళ్లు వాదించుకునేంతసేపూ వానా, ఏటి హోరూ మాత్రమే, సంగీతం వద్దు. సెషన్ మొత్తంలో ముగ్గురు ఒకేసారి మాట్లాడేది ఇలాంటి చర్చల్లోనే. పడవ కదిలాక కింది స్థాయిలో ఒక సన్నటి శ్రుతి. బాణం వచ్చి పడవ చెక్కకి దిగినప్పుడు మీరేం చేస్తారు? చాలామంది ముందు డ్రమ్స్ నొక్కి తర్వాత చెప్తారు. డ్రమ్స్ వినగానే అందరి చెయ్యీ పాచిక మీదకి పోతుంది, మీ బాణం మాట ఎవరూ వినరు. ముందు మాట చెప్పండి, ఊపిరి తీసుకునేంత ఆగండి, అప్పుడు నొక్కండి. అంతా అయిపోయాక అన్నీ ఆపేసి ఏటి హోరు ఒక్కటే వదలండి.

ఇందులోనే ఇంకో చిక్కుంది: సంగీతం గుట్టు బయట పెట్టేస్తుంది. ట్రాక్ మారిందంటే ఏదో జరగబోతోందని రెండు సెషన్లలో కనిపెట్టేస్తారు. ‘సార్ ఫోన్ పట్టుకున్నారు, కత్తి తియ్యండ్రా’ అంటారు. దీనికి మందు, ఏమీ లేనిచోట కూడా అప్పుడప్పుడూ మార్చడం. ఖాళీ గది తలుపు తీసినా ట్రాక్ మారాలి. నిజంగానే హెచ్చరిక ఇవ్వాలనుకుంటే ఏదో కలపకండి, ఉన్నది తీసేయండి. అడవి ట్రాక్‌లో కీచురాళ్ల లేయర్‌ని ఆపేస్తే, గమనించినవాడికి దక్కుతుంది, గమనించనివాడిని మోసం చేసినట్టూ కాదు.

ఇప్పుడు మన చుట్టూ ఉన్న వాద్యాల సంగతి. కథని మహేంద్రగిరి దగ్గరో, కోరాపుట్ కొండల్లోనో పెట్టినప్పుడు ఆ ప్రాంతపు సంగీతమే వాడాలని అనిపిస్తుంది, అనిపించాలి కూడా. కానీ ఎవరి చెవికి ఏది అలవాటో చూసుకోండి. సన్నాయి లాంటి మహూరి ఊదితే బయటివాడికి ఏదో ఎడారి బజారులా ఉంటుంది, గంజాం మనిషికి పెళ్లి ఊరేగింపు వస్తోందనిపిస్తుంది. పున్నాగవరాళి రాగం వినగానే తెలుగువాడు కాళ్లు పైకి లాక్కుంటాడు, పాము వచ్చిందని. పక్కన కూర్చున్న ఒడియా మిత్రుడికి ఆ పట్టింపు ఉండకపోవచ్చు. హార్మోనియం మీద గట్టి రాగం తీస్తే మనవాళ్లకి కృష్ణుడో దుర్యోధనుడో స్టేజీ మీదకొస్తాడు. ఆ ఎఫెక్టే కావాలనుకుంటే భేషుగ్గా వాడుకోండి. కోరాపుట్ ఆదివాసుల థెంసా డోలు ఊరి సంబరం సీనుకి చక్కగా సరిపోతుంది, యుద్ధానికి సరిపోదు, అది చేతులు పట్టుకుని ఆడే ఆట. ఈ ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో ఘటం ముందు మోగే వాద్యాల రికార్డింగు మాత్రం ఆటకి వాడొద్దు. ఈ ఊళ్లో ఆ మోత వింటే చెప్పులు విప్పేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందు దాన్ని గోబ్లిన్లనే చిట్టి రాక్షసుల మీదకి తోలడం మర్యాద కాదు, సీను కూడా నిలబడదు.

మన సంగీతంలోంచి అందరికీ పనికొచ్చేది ఒకటుంది, తంబుర. ఫోన్‌లో తంబుర యాప్ వేసుకుంటే నెట్ అక్కర్లేదు, యాడ్ రాదు, లూప్ అతుకు ఉండదు, మాటలుండవు. శ్రుతి బాగా కిందికి దించండి, మామూలు శ్రుతిలో ఉంటే భజన మొదలవుతుందేమోనని చూస్తారు. దాని కింద వానో గాలో కలిపితే గుహకీ, పాడుబడ్డ కోటకీ, రాత్రి కాపలాకీ అదే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: పైన వేణువో వీణో ఉన్న ట్రాక్ వేస్తే తంబుర శ్రుతి దానితో కలవాలి. కలవకపోతే సంగీతం రానివాడికి కూడా ఎక్కడో పళ్లు పులిసినట్టుంటుంది.

ట్రాకులు ఎన్ని కావాలి? నాలుగు గంటల సెషన్‌కి ఎనిమిదో పదో. వంద పెట్టుకుంటే వెతుక్కోవడంతోనే సరి. ఉచితంగా కావాలంటే టేబుల్‌టాప్ ఆడియో అనే వెబ్‌సైట్‌లో ఒక్కోటి 10 నిమిషాల నిడివితో దొరుకుతాయి. సిరిన్‌స్కేప్ యాప్‌లో వాన, జనం, కత్తులు వేటికవి విడిగా పెంచి తగ్గించుకోవచ్చు.

సొంతంగా లూప్ చేసుకోవాలంటే ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాం చాలు. వాన రికార్డింగు తెరవండి. చివరి 5 సెకన్లు కట్ చేసి, కింద రెండో ట్రాక్‌లో సరిగ్గా మొదట్లో అతికించండి. ఆ ముక్కకి ఫేడ్ అవుట్ (మెల్లగా తగ్గేలా), అసలు ట్రాక్ మొదటి 5 సెకన్లకి ఫేడ్ ఇన్ (మెల్లగా పెరిగేలా) ఇచ్చి రెండూ కలిపేయండి. ఇప్పుడు ఫైలు చివర ఎక్కడ ఆగిందో, దాని కొనసాగింపే ఫైలు మొదట్లో ఉంది కాబట్టి అతుకు తెలీదు. ఫేడ్ మాత్రం సాదా గీతలాంటిది ఇవ్వొద్దు. వాన లాంటి శబ్దానికి అలా ఇస్తే మధ్యలో 3 డెసిబెల్స్ పల్లం పడుతుంది, లూప్ తిరిగిన ప్రతిసారీ వాన ఒకసారి గుటక వేసినట్టుంటుంది. కాన్‌స్టంట్ పవర్ అని ఉన్న క్రాస్‌ఫేడ్ వాడండి. సేవ్ చేసేది ఎంపీ3లో వద్దు. ఆ ఫార్మాట్ మొదట్లో, చివర్లో రవ్వంత నిశ్శబ్దం కలుపుతుంది, లూప్‌లో అది ‘టిక్’మని తెలిసిపోతుంది. వేవ్ అయితే నిమిషానికి 10 ఎంబీ పైన తింటుంది, ఓజీజీ అయితే తేలిగ్గా ఉంటుంది, లూప్ కూడా శుభ్రంగా తిరుగుతుంది.

అదే ఆడాసిటీలో ఇంకో రెండు పనులు. ఈక్వలైజర్‌లో 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ దాకా 4, 5 డెసిబెల్స్ తగ్గించండి. మాటలో హల్లులు స్పష్టంగా తెలిసేది ఆ మేరలోనే, అక్కడ సంగీతం పక్కకి జరిగితే వాల్యూమ్ తగ్గించకుండానే మాట పైకొస్తుంది. తర్వాత లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో అన్ని ట్రాకుల్నీ ఒకే స్థాయికి, మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (శబ్దం చెవికి ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే కొలత) తెచ్చేయండి, పోరాటం ట్రాకులు మైనస్ 20. ఇది చేయకపోతే సత్రం ట్రాక్ నుంచి డ్రాగన్ ట్రాక్‌కి మారినప్పుడు పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

ఇక చెడిపోయేవి గబగబా చెప్పేస్తాను. ఉచిత యాప్‌లో శవపేటిక మూత తీసే క్షణానికే ప్లాట్ల ప్రకటన వస్తుంది, అందుకని ఫైళ్లు ఫోన్‌లోకి దింపుకోండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైటుంటుంది, రౌటర్ ఉండకపోవచ్చు, దానికీ ఇదే మందు. పాట మోగే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ మాత్రం వేయండి, లేకపోతే రాక్షసుడి గుహలో పెద్దమ్మ ఫోన్ చేస్తుంది. చాలా బ్లూటూత్ స్పీకర్లు కాసేపు నిశ్శబ్దంగా ఉంటే వాటంతటవే ఆగిపోతాయి, మళ్లీ వేస్తే ‘కనెక్టెడ్’ అని అరుస్తాయి. వైరు పెట్టుకుంటే ఆ పీడ ఉండదు. ఫోన్‌లో రెండు యాప్‌లు ఒకేసారి మోగించబోతే సాధారణంగా రెండోది మొదలవగానే మొదటిది ఆగుతుంది. వాన ఒకదాంట్లో, సంగీతం ఇంకోదాంట్లో కావాలంటే ల్యాప్‌టాప్‌లో రెండు ట్యాబులు తెరవండి. చిన్న స్పీకర్లలో లోతైన ఢంకా మోత రాదు, హెడ్‌ఫోన్స్‌లో విని ఎంచుకుంటే మోసపోతారు. ఏ స్పీకర్‌తో ఆడతారో దాంట్లోనే వినండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(మా గుంపులో ఇద్దరు సూరత్‌లో, ఒకరు హైదరాబాద్‌లో ఉన్నారండి. డిస్కార్డ్ అనే వాయిస్ చాట్ యాప్‌లో ఆడతాం. సంగీతం ముక్కలు ముక్కలుగా వస్తోందంటున్నారు.)

మీరు స్పీకర్‌లో పెట్టి మైకు ముందు ఉంచుతున్నారా? అవును కదా. డిస్కార్డ్‌లో నాయిస్ సప్రెషన్ మనిషి గొంతు కానిదాన్నంతా చెత్త అనుకుని ఊడ్చేస్తుంది, మీ సంగీతం దానికి చెత్తే. మైకు దారిన పంపకండి. ఇదివరకు బాట్లతో, అంటే ఛానల్లో పాటలు మోగించే ప్రోగ్రాములతో, పంపేవారు, యూట్యూబ్ ఒత్తిడితో 2021లో పెద్దవి రెండు, గ్రూవీ, రిథమ్, మూతపడ్డాయి. ఇప్పుడు కెంకు ఎఫ్‌ఎం అని ఒక ప్రోగ్రాం ఉంది, అందులో మోగించేదాన్ని నేరుగా ఛానల్‌లోకి పంపుతుంది. వాయిస్ ఛానల్ బిట్‌రేట్ మామూలుగా 64 కేబీపీఎస్ ఉంటుంది, సెటింగ్స్‌లో 96 చేయండి. రోల్20 అనే ఆన్‌లైన్ ఆటబల్ల మీద ఆడేవాళ్లకి సంగీతం మోగించే జ్యూక్‌బాక్స్ అందులోనే ఉంది. అన్నిటికంటే ముఖ్యం, వాల్యూమ్ ఎవరిది వాళ్లే తగ్గించుకోవచ్చని మీ సూరత్ తమ్ముళ్లకి చెప్పండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడి చెవికి గదిలో ఉన్నంత వాల్యూమ్ అక్కర్లేదు.

(కాలేజీలో అందరికీ టికెట్ పెట్టి ఆట నడిపిస్తే ఈ ట్రాకులే వాడొచ్చా?)

ఇంట్లో నలుగురు ఆడుకున్నంతకాలం మిమ్మల్ని ఎవరూ అడగరు. టికెట్ పెట్టి పదిమందిలో మోగిస్తే అది బహిరంగ ప్రదర్శన, 1957 కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. సినిమా సంగీతమైతే పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ లాంటి, సంగీతం హక్కులు చూసే సంస్థల లైసెన్సు కావాల్సి వస్తుంది. క్రియేటివ్ కామన్స్ ట్రాకులైతే, అంటే చేసినవాళ్లే షరతులు పెట్టి వాడుకోమని వదిలినవైతే, ఒక్కోదాని షరతు చదవండి. కొన్నిటికి పేరు వేస్తే చాలు, కొన్నిటిలో డబ్బు వసూలు చేసే చోట వాడకూడదని ఉంటుంది. యూట్యూబ్‌లో పెట్టే ఉద్దేశముంటే ఇది ముందే చూసుకోండి. సంగీతమూ మాటా ఒకే మైకులో కలిసిపోయాక అభ్యంతరం వస్తే రెంటినీ విడదీయడం చాలా కష్టం. మైకుది ఒక ఫైలు, సంగీతానిది ఇంకో ఫైలుగా రికార్డు చేసుకోండి, అప్పుడు ట్రాక్ మార్చి మళ్లీ ఎక్కించుకోవచ్చు.